చెక్ బౌన్స్ కేసులో శిక్ష పడ్డాక రాజీ: అప్పీలులో ఏం జరుగుతుంది?

చెక్ బౌన్స్ కేసుల్లో అసలైన రాజీ మాటలు చాలాసార్లు తీర్పు వచ్చిన సాయంత్రమే మొదలవుతాయి. అంతకుముందు నాలుగైదేళ్లు వాయిదాలకు తిరుగుతూ ‘చూద్దాంలే’ అన్న ముద్దాయికి, ఆరు నెలల జైలు అని మేజిస్ట్రేట్ చదవగానే టెన్షన్ పట్టుకుంటుంది. అవతల ఫిర్యాది పరిస్థితీ అంత గొప్పగా ఉండదు. కేసు గెలిచాడు గానీ చేతికి రూపాయి రాలేదు. ముద్దాయి అప్పీలుకు వెళ్తే ఇంకెన్నేళ్లు పడుతుందో తెలియదు. ఇద్దరికీ తొందర పుట్టేది ఇక్కడే. మధ్యలో ఒక పెద్దమనిషో, ఇద్దరి వకీళ్లో కూర్చుని ఒక అంకె దగ్గరికి తెస్తారు.

అంకె కుదరడం సగం పనే. డబ్బు చేతులు మారినంత మాత్రాన శిక్ష రద్దు కాదు. అప్పీలు కోర్టు ఆ రాజీని నమోదు చేసి, కింది కోర్టు తీర్పును కొట్టేసేదాకా ముద్దాయి చట్టం దృష్టిలో శిక్ష పడ్డ మనిషే. డబ్బు ఇవ్వడానికీ కోర్టు ఉత్తర్వుకీ మధ్య ఉండే ఆ ఖాళీలోనే గొడవలన్నీ పుడతాయి. ఎప్పుడు ఎంత ఇవ్వాలి, ఏ కాగితం మీద ఏం రాయాలి, ఏ కోర్టుకు వెళ్లాలి అన్నవి ముందే తేల్చుకోవాల్సింది అందుకే.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం. చెక్కు మొత్తం 5 లక్షలు. మేజిస్ట్రేట్ కోర్టు ఆరు నెలల జైలు, ఫిర్యాదికి 8 లక్షల పరిహారం విధించింది. ఈ వ్యాసంలో మున్ముందు వచ్చే అంకెలన్నీ ఈ కేసువే.

నేరమే, కానీ రాజీకి వీలున్న నేరం

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 1881 నాటిది. చెక్కు చెల్లకపోవడం అందులో నేరంగా చేరింది మాత్రం 1988 సవరణతో. 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష మొదట ఏడాది వరకే ఉండేది. 2002లో తెచ్చిన సవరణ దాన్ని రెండేళ్లకు పెంచింది. జరిమానా చెక్కు మొత్తానికి రెండింతల దాకా వేయవచ్చు. జైలు, జరిమానా రెండూ వేయాలనేమీ లేదు, ఏదో ఒకటి వేసినా చాలు. ఈ చివరి మాట ముందుముందు అవసరపడుతుంది.

ఇరుపక్షాలూ కలిసి క్రిమినల్ కేసును ముగించుకోవడాన్ని కోర్టు భాషలో కాంపౌండింగ్ అంటారు. ఏయే నేరాలకు ఆ వీలుందో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ జాబితా ఇచ్చింది. ఆ జాబితా ఐపీసీ నేరాలకే పరిమితం. అందువల్ల చెక్ బౌన్స్ కేసులో రాజీ పడినవాళ్లకు మొదటి పదమూడేళ్లూ సూటి దారి లేదు. 2002 సవరణ తెచ్చిన 147వ సెక్షన్ ఆ లోటు తీర్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఏం చెప్పినా సరే, ఈ చట్టం కింద వచ్చే ప్రతి నేరమూ రాజీకి వీలైనదేనని అది ఒక్క వాక్యంలో తేల్చేసింది. 2003 ఫిబ్రవరి 6 నుంచి అది అమల్లో ఉంది.

ఇంత సులువుగా ఎందుకు వదిలారంటే, ఈ నేరం స్వభావం అలాంటిది. మూలంలో ఉన్నది బాకీ వ్యవహారం. 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్ని క్రిమినల్ తోడేలు తోలు కప్పుకున్న సివిల్ గొర్రె అంది. మేకతోలు కప్పుకున్న పులి అనే మన మాటను తిరగేస్తే సరిగ్గా ఇదే వస్తుంది. పైకి జైలు, వారెంటు, బెయిలు అంటూ భయపెట్టినా లోపలున్నది డబ్బు వసూలే. ఈ కేసుల బరువు కూడా కోర్టులకు తక్కువేం కాదు. 2019 చివరినాటికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు 138వ సెక్షన్‌వేనని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది. రాజీ అంటే జడ్జీలు మొగ్గు చూపడానికి ఇదీ ఒక కారణం.

147వ సెక్షన్ ఏ దశలో రాజీ పడాలో చెప్పలేదు. శిక్ష పడ్డాక కూడా కుదురుతుందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2009లో కుదురుతుందనే జవాబిచ్చింది. సెషన్స్ కోర్టులో అప్పీలు నడుస్తున్నా, హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు తీర్పు సరిగా ఉందో లేదో చూడమనే పిటిషన్) ఉన్నా, ఆఖరికి సుప్రీంకోర్టులో ఉన్నా రాజీకి తలుపు తెరిచే ఉంటుంది. అయితే తీర్పు వచ్చాక ఇది ఇద్దరి మధ్య వ్యవహారంగా మిగలదు. కేసు ఏ కోర్టు ముందుందో ఆ కోర్టు అనుమతి కావాలి. 2024 జులై 1 నుంచి పాత కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లోనూ ఇదే పద్ధతి కొనసాగింది. అనుమతి దొరికి రాజీ నమోదైతే ఫలితం పూర్తి విడుదల. నిర్దోషిగా వదిలేసినదానితో అది సమానం.

శిక్ష తగ్గడం వేరు, శిక్షతో పాటు దోషి అన్న తీర్పే పోవడం వేరు. ఉద్యోగస్తులకు ఈ తేడా బాగా తెలుస్తుంది. కంపెనీ డైరెక్టర్లకు మరీను. ఏ నేరంలోనైనా ఆరు నెలలు, అంతకు మించి జైలు శిక్ష పడ్డవాళ్లు కంపెనీల చట్టం ప్రకారం శిక్ష ముగిసిన అయిదేళ్ల దాకా డైరెక్టర్ నియామకానికి అనర్హులు. మన ఉదాహరణలో పడింది సరిగ్గా ఆరు నెలలే.

మళ్లీ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తే కుదరదా?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తీర్పు వచ్చింది, వారంలో రాజీ కుదిరింది, ఇంకా అప్పీలు వేయలేదు. అదే కోర్టుకు ఇద్దరూ వెళ్లి ‘మేం కలిసిపోయాం’ అంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. తీర్పు మీద సంతకం పెట్టాక అక్షర దోషాలు, కూడికల తప్పులు దిద్దడం తప్ప అందులో వేలు పెట్టే అధికారం మేజిస్ట్రేటుకు లేదు. పాత కోడ్‌లో 362వ సెక్షన్, కొత్త సంహితలో 403వ సెక్షన్ చెప్పేది ఇదే.

కాబట్టి రాజీ కోసమైనా సరే అప్పీలు వేయాల్సిందే. జిల్లా సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. ముద్దాయి బెయిలు మీద ఉండి, శిక్ష మూడేళ్లకు మించకపోతే, అప్పీలు వేసుకునేదాకా ఆ శిక్షను ఆపి ఉంచే అధికారం శిక్ష వేసిన కోర్టుకే ఉంది. తీర్పు రోజునే ఆ పిటిషన్ వేసుకోవడం వకీళ్లకు మామూలే. ఆ తర్వాత అప్పీలు, శిక్ష నిలుపుదల పిటిషన్, రాజీ పిటిషన్ ఒకేసారి దాఖలు చేసినా తప్పు లేదు. 30 రోజులు దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వేసి కారణం చెప్పుకోవాలి. ‘రాజీ మాటలు నడుస్తున్నాయి కదా అని ఆగాం’ అన్న కారణాన్ని కోర్టులు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మాటలు ఎంత బాగా నడుస్తున్నా గడువులోపు అప్పీలు పడి ఉండటమే క్షేమం.

20 శాతం డిపాజిట్

2018 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 148వ సెక్షన్ అప్పీలు రూపాన్నే మార్చింది. అంతకుముందు అప్పీలు వేసి, శిక్ష ఆపించుకుని, ఏళ్ల తరబడి కాలం గడిపేయడం తేలిక. ఇప్పుడు కింది కోర్టు వేసిన జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. మన లెక్కలో 8 లక్షలకు 20 శాతం, అంటే 1,60,000 రూపాయలు. గడువు 60 రోజులు, తగిన కారణముంటే మరో 30. విచారణ సమయంలో 143ఏ సెక్షన్ కింద ముద్దాయి మధ్యంతర పరిహారం కట్టి ఉన్నా దాన్ని ఇందులో మినహాయించరు. ఇది దానికి అదనం.

చట్టంలో ఉన్న మాట ‘ఆదేశించవచ్చు’ అనే. కానీ మామూలుగా ఆదేశించాల్సిందేనని, వదిలేయాలంటే ప్రత్యేక కారణం రాయాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అసాధారణ పరిస్థితి ఉంటే మినహాయింపు ఇవ్వవచ్చని 2023లో మరో తీర్పు గుర్తుచేసింది. ఆచరణలో మాత్రం చాలామంది కట్టాల్సే వస్తోంది.

రాజీకి దీనితో ఉన్న సంబంధం చాలామంది గమనించరు. డిపాజిట్ అయిన సొమ్మును అప్పీలు నడుస్తుండగానే ఫిర్యాదికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. చివరికి ముద్దాయి నిర్దోషి అని తేలితే ఫిర్యాది ఆ సొమ్మును ఆర్‌బీఐ బ్యాంక్ రేటు చొప్పున వడ్డీతో తిరిగివ్వాలని అదే సెక్షన్ అంటుంది. రాజీ ఫలితం కూడా విడుదలే అని పైన చూశాం. అందుకని రాజీ పత్రంలో డిపాజిట్ సంగతి ఒక్క ముక్క రాయకుండా వదిలేస్తే, తర్వాత ఎవరికైనా దురాలోచన పుట్టినప్పుడు ఆ 1,60,000 మీద కొత్త పేచీకి దారి ఇచ్చినట్టే. ఫిర్యాది ఇప్పటికే తీసుకున్న ఇంత మొత్తం రాజీ సొమ్ములో భాగమని, దాన్ని వెనక్కి అడగబోనని ముద్దాయి ఒప్పుకున్నాడని స్పష్టంగా రాయాలి. డబ్బు ఇంకా కోర్టులోనే ఉంటే, దాన్ని తీసుకోవడానికి ఫిర్యాదికి అనుమతి ఇవ్వమని ఆ పిటిషన్‌లోనే కోరాలి.

ఆలస్యానికి ధర

ఆఖరి దశలో రాజీ పడితే ముద్దాయి మీద ఇంకో ఖర్చు పడుతుంది. ఇది ఫిర్యాదికి చేరేది కాదు, న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తుంది. మొదలైంది 2010 మే 3న సుప్రీంకోర్టు ఇచ్చిన దామోదర్ ప్రభు తీర్పుతో. ఏళ్ల తరబడి కోర్టు సమయం తినేసి, అన్ని మెట్లూ ఎక్కాక, జైలు ఖాయమనిపించినప్పుడు మాత్రమే డబ్బు తీసే అలవాటే ఆ తీర్పుకు కారణం. అప్పటి అటార్నీ జనరల్ జి.ఇ. వాహనవతి సూచించిన పద్ధతిని కోర్టు మార్గదర్శకాలుగా ప్రకటించింది. మొదటి ఒకటి రెండు వాయిదాల్లో రాజీ పడితే ఖర్చు లేదు. ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరే అయితే చెక్కు మొత్తంలో 10 శాతం, సెషన్స్ కోర్టు లేదా హైకోర్టులో 15 శాతం, సుప్రీంకోర్టులో 20 శాతం.

పదిహేనేళ్లు ఇదే నడిచింది. 2025 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు ఈ రేట్లను సగానికి తగ్గించింది. ముద్దాయి తన తరఫు సాక్ష్యం మొదలయ్యేలోపు చెక్కు డబ్బు కట్టేస్తే ఖర్చు లేకుండా వదిలేయవచ్చు. సాక్ష్యం నమోదయ్యాక, తీర్పు వచ్చేలోపు అయితే 5 శాతం. సెషన్స్ కోర్టు, హైకోర్టుల్లో అప్పీలు లేదా రివిజన్ దశలో 7.5 శాతం. సుప్రీంకోర్టులో 10 శాతం. ఇంటర్నెట్‌లో కనిపించే పాత వ్యాసాల్లో ఇప్పటికీ 15 శాతమే ఉంటుంది కాబట్టి, రాజీకి కూర్చునేటప్పుడు ఏ ఏడాది లెక్క చెబుతున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ శాతం లెక్కగట్టేది చెక్కు మొత్తం మీద. పరిహారం మీదా కాదు, రాజీలో కుదిరిన అంకె మీదా కాదు. మన ఉదాహరణలో ఇద్దరూ 6 లక్షలకు ఒప్పుకున్నారనుకుందాం. డిపాజిట్ 1,60,000 పోను ముద్దాయి ఫిర్యాదికి ఇవ్వాల్సింది 4,40,000. దానికి తోడు న్యాయ సేవాధికార సంస్థకు 5 లక్షల్లో 7.5 శాతం, అంటే 37,500. పాత రేటయితే ఇది 75,000 అయ్యేది. మొత్తం మీద ముద్దాయికి అయ్యేది 6,37,500, వకీలు ఫీజు కాకుండా. కింది కోర్టు తీర్పు నిలబడితే 8 లక్షలతో పాటు జైలు కూడా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పీలు దశ రాజీలు ఎందుకు కుదురుతాయో చెప్పనక్కర్లేదు.

ఈ ఖర్చును తగ్గించే విచక్షణ కోర్టుకు ఉంది. ముద్దాయి ఆర్థిక స్థితి, కేసు ప్రత్యేక పరిస్థితి చూసి, కారణాలు రాసి తగ్గించవచ్చు. ఇద్దరూ ఒప్పుకున్నారన్న ఒక్క మాటతో అది మాఫీ అయిపోదు.

కాగితం మీద ఏం ఉండాలి

రాజీ పిటిషన్, దానితోపాటు ఇద్దరూ, ఇద్దరి వకీళ్లూ సంతకం చేసిన జాయింట్ మెమో దాఖలవుతాయి. ఆ రోజు ఇరుపక్షాలూ గుర్తింపు కార్డులతో కోర్టుకు రావాలి. జడ్జి ఫిర్యాదిని పిలిచి రాజీ ఇష్టపూర్వకమేనా, డబ్బు అందిందా అని అడుగుతారు. బలవంతం వాసన వస్తే నమోదు చేయరు. చూడటానికి అయిదు నిమిషాల పని. ఈ అయిదు నిమిషాలు సాఫీగా జరగడం ముందు రాసుకున్న కాగితం మీద ఆధారపడుతుంది.

మన దగ్గర చెక్ బౌన్స్ కేసు ఒంటరిగా ఉండటం అరుదు. ఒకే అప్పుకు మూడు చెక్కులుంటే మూడు కేసులు పడి ఉండొచ్చు. పక్కనే ప్రోనోటు మీద సివిల్ దావా ఉంటుంది. అప్పు తీసుకునేటప్పుడు సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు కాగితాలు ఫిర్యాది బీరువాలో ఉంటాయి. ఒక్క అప్పీలు నంబరు మాత్రం వేసి ‘మా మధ్య వివాదం పరిష్కారమైంది’ అని రాసుకుంటే మిగతావి బతికే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత అందులో ఒక ఖాళీ చెక్కు బ్యాంకుకు వెళ్లిందంటే కథ మళ్లీ మొదటికే వస్తుంది. అన్ని కేసుల నంబర్లూ, దావా నంబరూ, తిరిగివ్వాల్సిన ప్రతి చెక్కు నంబరూ మెమోలో ఎక్కాలి. వేర్వేరు అప్పీళ్లు ఉంటే ఒక్కోదాంట్లో విడిగా మెమో వేయాలి.

సంతకం పెట్టేది ఎవరన్నది ఇంకో మెలిక. ఫిర్యాది ఒక ఫైనాన్స్ కంపెనీయో, చిట్‌ఫండ్ సంస్థో అయితే కోర్టుకు వచ్చే ఉద్యోగికి కేసు నడిపే అధికారం ఉండొచ్చు గానీ, బాకీ తగ్గించి రాజీ పడే అధికారం ఉండకపోవచ్చు. ఆథరైజేషన్ లెటర్‌లో, పవర్ ఆఫ్ అటార్నీలో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. ఫిర్యాది చనిపోతే వారసులు కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. వారసుల్లో అందరూ సంతకం చేయడం తర్వాతి తలనొప్పులు తప్పిస్తుంది.

ఇక డబ్బు చేతులు మారే తీరు. నగదు వద్దు. అప్పీలు దశకు వచ్చేసరికి ఇద్దరి మధ్యా నమ్మకం అడుగంటి ఉంటుంది కాబట్టి, ప్రతి రూపాయికీ బ్యాంకు ఆధారం ఉండాలి. ముందే మొత్తం ఇచ్చేసి, ‘వాయిదా రోజు వచ్చి సంతకం పెడతా’ అన్న మాట నమ్ముకున్న ముద్దాయిలు చిక్కుల్లో పడుతుంటారు. ఫిర్యాది ఆ రోజు రాకపోతే, వచ్చి ఇంకో లక్ష అడిగితే, ముద్దాయి చేతిలో ఉండేది చెల్లింపు రుజువు మాత్రమే. అది శిక్ష తగ్గించమని వాదించడానికి పనికొస్తుంది. ఫిర్యాది సమ్మతి లేకుండా దాన్ని రాజీగా నమోదు చేయడం కుదరదు. తిరగేసి చూస్తే, ఒక్క పైసా రాకముందే మెమో మీద సంతకం పెట్టే ఫిర్యాదిది ఇంకా పెద్ద తెలివితక్కువతనం. విడుదల ఉత్తర్వు వచ్చాక ముద్దాయిని కదిలించేది ఏముంటుంది? కాస్త లోకజ్ఞానం ఉన్న వకీళ్లు చేసే ఏర్పాటు ఏమిటంటే, ఎక్కువ భాగం ముందే ఖాతాలో వేయించి, చివరి భాగాన్ని డిమాండ్ డ్రాఫ్టుగా కోర్టు హాల్లో జడ్జి ముందే ఇప్పించడం. డీడీ నంబరు మెమోలోనూ, కోర్టు ఉత్తర్వులోనూ ఎక్కుతుంది.

వాయిదాల్లో ఇస్తానంటే

ఒకేసారి ఇచ్చే స్తోమత ఉంటే చాలా కేసులు ఇక్కడిదాకా రావు. అందువల్ల ఆరు నెలలు, పది నెలల వాయిదాల మీద కుదిరే రాజీలే ఎక్కువ. ఇక్కడ ఫిర్యాది చేయకూడని పని, మొదటి వాయిదా అందగానే రాజీ నమోదు చేయించి అప్పీలును మూసేయడం. షరతులు రాసిన మెమో కోర్టులో వేసి, చివరి చెల్లింపు అయ్యేదాకా అప్పీలును వాయిదా వేయమని ఇద్దరూ కోరితే కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఒక వాయిదా సొమ్ము కట్టకపోతే అప్పీలు విచారణ మామూలుగా ముందుకు సాగుతుంది.

రాజీ సొమ్ముకు కొత్త చెక్కులు తీసుకోవడం మరో అలవాటు. ఆ కొత్త చెక్కులూ బౌన్స్ అయితే? 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. రాజీ ఒప్పందం కుదిరాక పాత ఫిర్యాదు ఆ ఒప్పందంలో కలిసిపోతుంది. కొత్త చెక్కులు చెల్లకపోతే వాటి మీద కొత్తగా కేసు వేసుకోవచ్చు. పాత చెక్కు మీదా కొత్త చెక్కు మీదా ఒకే బాకీకి రెండు కేసులు సమాంతరంగా నడపడానికి మాత్రం వీల్లేదు. శిక్ష దాకా వచ్చిన పాత కేసును చేతిలో ఉంచుకున్న ఫిర్యాది, కొత్త చెక్కులు పుచ్చుకుని మళ్లీ లీగల్ నోటీసు దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిన స్థితి తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. కొత్త చెక్కుల బదులు నెలనెలా ఖాతాలోకి బదిలీ చేయమనడం నయం.

లోక్ అదాలత్ దారి

సెషన్స్ కోర్టులో ఉన్న అప్పీలును కూడా జాతీయ లోక్ అదాలత్‌కు పంపవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి అవార్డు, అంటే రాజీ షరతులతో కూడిన ఉత్తర్వు ఇస్తారు. దాని మీద అప్పీలు ఉండదు. త్వరగా తేలిపోతుంది, వాతావరణమూ కోర్టు హాలంత బిగువుగా ఉండదు. కాకపోతే ఇక్కడ రాజీ పడితే ఆ శాతం ఖర్చు అసలు ఉండదని బయట ఒక ప్రచారం ఉంది. మార్గదర్శకాలు లోక్ అదాలత్ రాజీలకూ వర్తిస్తాయని, కారణాలు చూపి తగ్గించవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మినహాయింపు అడగవచ్చు, హక్కుగా రాదు.

ఫిర్యాది గమనించాల్సిన అసలు విషయం వేరే. చెక్ బౌన్స్ కేసులో వచ్చిన లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమని 2011 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు ఇవ్వకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి ఆస్తి జప్తు చేయించుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ ముద్దాయి పేరున జప్తుకు దొరికే ఆస్తి లేకపోతే ఆ డిక్రీ ఫైలులో ఉండిపోతుంది. అంతదాకా పనిచేసిన జైలు భయం అవార్డుతో పోయింది కదా. ఆస్తిపాస్తులున్న ముద్దాయి విషయంలో వాయిదాల అవార్డుకు ఒప్పుకోవచ్చు. ఏమీ లేని ముద్దాయి దగ్గర మొత్తం అందిన రోజే అవార్డు తీసుకోవాలి.

ఫిర్యాది ససేమిరా అంటే

చెక్కు మొత్తం, వడ్డీ, ఖర్చులు అన్నీ కట్టేస్తానని ముద్దాయి ముందుకొస్తాడు. ఫిర్యాది మాత్రం ‘వాడు జైలుకు వెళ్లాల్సిందే’ అంటాడు. అప్పుడు కోర్టు బలవంతంగా రాజీ చేయగలదా? 2012లో ఒక తీర్పు ఫిర్యాది సమ్మతి తప్పనిసరి అంది. 2017లో ఇంకో తీర్పు, ఫిర్యాదికి తగిన పరిహారం అందిందని కోర్టు తృప్తి పడితే సమ్మతి లేకున్నా కేసు మూసేయవచ్చంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ సమ్మతి లేకుండా కాంపౌండింగ్ లేదనే చెప్పింది. అయితే ఆ కేసులో ముద్దాయి అప్పటికే జైల్లో ఉండి వచ్చి, డబ్బు కూడా కట్టేశాడని చూసి, రాజ్యాంగం 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేక అధికారంతో కేసును కొట్టేసింది. ఆ అధికారం సుప్రీంకోర్టుది మాత్రమే. సెషన్స్ జడ్జి దాన్ని వాడలేరు.

సెషన్స్ కోర్టులో ఇలాంటి ముద్దాయికి మిగిలే దారి, శిక్ష విషయంలో వాదించడం. 138వ సెక్షన్ కింద జరిమానా ఒక్కటే వేసినా చాలన్న మాట పనికొచ్చేది ఇప్పుడే. డబ్బంతా కట్టేసినట్టు చూపిస్తే జైలు తీసేసి జరిమానాకు మార్చమని అడగవచ్చు. ఫిర్యాది చెక్కు మొత్తానికి మించి అడుగుతూ రాజీకి రాకపోతే ప్రొబేషన్ చట్టం (జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలే చట్టం) ప్రయోజనం కూడా పరిశీలించవచ్చని 2025 తీర్పు గుర్తుచేసింది. వీటిలో ఏది దొరికినా దోషి అన్న తీర్పు మిగిలే ఉంటుంది. ఫిర్యాది అడిగే ఆ అదనపు లక్షకు బేరంలో అంత బలం ఉండటానికి ఇదే కారణం.

తలకిందులైన సందర్భమూ ఉంది. ఇద్దరూ కలిసిపోయినా కోర్టు వినకపోతే? తెలంగాణ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసులో, హైకోర్టులో రివిజన్ నడుస్తుండగా ఇరుపక్షాలూ ఒప్పందం రాసుకున్నా హైకోర్టు శిక్షను ఖాయం చేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. చట్టమే రాజీకి వీలిచ్చిన నేరంలో, ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న ఒప్పందాన్ని తోసిపుచ్చి శిక్ష వేయడం సరికాదంది. అప్పీలు, రివిజన్ రెండూ ముగిసిపోయాక కుదిరే రాజీలకు మాత్రం దారి ఇరుకు. హైకోర్టు ఒకసారి తీర్పు చెప్పాక మళ్లీ తెరవదు కాబట్టి, కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వస్తోంది. అక్కడ అయ్యే ఖర్చుతో పోలిస్తే సెషన్స్ కోర్టులో 7.5 శాతం చాలా చవక.

ఉత్తర్వు వచ్చాక కూడా రెండు మూడు చిల్లర పనులుంటాయి. అప్పీలు కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని మేజిస్ట్రేట్ కోర్టులో దాఖలు చేయాలి. జామీను పత్రాలు అక్కడే రద్దవుతాయి. కింది కోర్టులో అంతకుముందే కట్టిన జరిమానా ఉంటే, దాన్ని వాపసు ఇమ్మని ఉత్తర్వులో రాయించుకున్నారో లేదో అప్పుడే చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఎప్పుడో వాయిదాకు వెళ్లనందుకు జారీ అయిన నాన్‌బెయిలబుల్ వారెంటు ఇంకా పోలీస్ స్టేషన్‌లో ఉందేమో కనుక్కోవాలి. పైకోర్టులో కేసు పోయిన సంగతి స్టేషన్‌కు దానంతటదే తెలియదు. వారెంటు రీకాల్ అయినట్టు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి కాగితం వెళ్లేదాకా, రాజీ పడి ఇంటికొచ్చిన మనిషి తలుపు కానిస్టేబుల్ తట్టే అవకాశం ఉంటూనే ఉంటుంది.